60 అంకణాల్లో జీ ప్లస్ వన్: ఎనర్జీ కోడ్ ప్రకారం కరెంటు పని స్లాబు పోయకముందే తేల్చుకోవాల్సినవి

మీరడిగింది క్లుప్తంగా: తిరుపతి కరకంబాడి రోడ్డు వైపు 60 అంకణాల స్థలం, కింద మీరు, పైన అద్దెకు. ఇంజినీరుగారు ‘ఎకో నివాస్ సంహిత (ఇళ్ల ఎనర్జీ కోడ్) ప్రకారం చేద్దాం’ అంటున్నారు. ఎలక్ట్రీషియన్ ‘అవన్నీ అపార్టుమెంట్లకు సార్, ఎల్ఈడీలు పెడితే సరిపోతుంది’ అంటున్నారు. మొదటి స్లాబుకు సెంట్రింగ్ నడుస్తోంది. ఎవరి మాట వినాలి?

చట్టం వరకు చూస్తే ఎలక్ట్రీషియన్ చెప్పిందే నిజం. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహిత మొదటి భాగం 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్ల కోసం రాసింది. తిరుపతి అంకణం 36 చదరపు అడుగుల లెక్కన అది దాదాపు 150 అంకణాలు. మీది 200 చదరపు మీటర్లు. 2021లో వచ్చిన రెండో భాగంలో ఉన్నది కూడా ఎక్కువగా కామన్ ఏరియా లైట్లు, లిఫ్టులు, పంపులు, ట్రాన్స్‌ఫార్మర్ల సంగతే. కాబట్టి కోడ్ పేరు చెప్పి మీ ప్లాను ఎవరూ ఆపరు.

కరెంటు బిల్లు వరకు చూస్తే మాత్రం ఇంజినీరుగారి వైపే నిలబడతాను. ఎల్ఈడీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. స్లాబులో పడని పైపు, మిద్దె మీద వేయని ఇన్సులేషన్, బోరులోకి దించిన సన్నటి కేబుల్ తర్వాత మార్చాలంటే పగలగొట్టాలి, లేదా మోటారు పైకి తీయాలి. ఇప్పుడు మీ ఇల్లు ఉన్న దశలోనే కోడ్ అంకెలు పనికొస్తాయి.

ఇంకో సంగతి. 500 చదరపు మీటర్ల మినహాయింపు ఎనర్జీ కోడ్‌కే, భద్రతకు కాదు. కేంద్ర విద్యుత్ సంస్థ సీఈఏ 2023 భద్రతా నిబంధనల ప్రకారం ఇళ్ల కనెక్షన్లకు 30 మిల్లీ ఆంపియర్ల లోపు లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ (షాక్ తగలకుండా కరెంటు ఆపే స్విచ్) ఉండాలి. ఇది మీకూ వర్తిస్తుంది.

ముందు మిద్దె సంగతి. ‘కరెంటు గురించి అడిగితే మిద్దె గురించి చెబుతారేంటి’ అనుకోకండి. పై పోర్షన్‌లో ఏసీ ఒక టన్ను చాలా, ఒకటిన్నర కావాలా అని తేల్చేది పైకప్పే. సంహిత పైకప్పు యూ-వాల్యూ (వేడి ఎంత సులువుగా లోపలికి దిగుతుందో చెప్పే అంకె) 1.2 మించకూడదంటుంది. 6 అంగుళాల ఉత్త కాంక్రీటు స్లాబుకు అది 3కి పైనే ఉంటుంది. వాటర్‌ప్రూఫింగ్ మీద 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (గట్టి నురుగు) షీటు పరిచి, పైన చికెన్ మెష్‌తో 40–50 మిల్లీమీటర్ల కాంక్రీటు వేసి, తెల్ల కూలింగ్ టైల్స్ అంటిస్తే 1.2 లోపలికి వచ్చేస్తుంది. 50 మిల్లీమీటర్లు వేస్తే 0.5 దరిదాపులకు దిగుతుంది. మే నెల ఎండకు నా ఓటు 50కే. తెల్ల పెయింటు ఒక్కటే వేసి సరిపెట్టుకుంటే మొదటి ఏడాది బాగానే ఉంటుంది, తర్వాత దుమ్ము పట్టి తెల్లదనం పోతుంది. గోడల గుండా లోపలికి వచ్చే వేడికీ కోడ్‌లో ఆర్‌ఈటీవీ అనే హద్దు ఉంది, చదరపు మీటరుకు 15 వాట్లు. మీరు దాన్ని లెక్క కట్టించాల్సిన పని లేదు. పడమటి గోడకు కిటికీలు తగ్గించండి, పెట్టినవాటికి రెండడుగుల సజ్జా తప్పకుండా వేయండి.

ఇక స్లాబు పైపులు. సెంట్రింగ్ మీద కడ్డీ కట్టాక, కాంక్రీటు పోసే ముందు మీరే మిద్దెక్కి చూడాల్సినవి ఇవి. పైపు 25 మిల్లీమీటర్ల మీడియం లేదా హెవీ పీవీసీ అయి ఉండాలి, ఐఎస్ 9537 ముద్ర ఉండాలి. లైట్ గేజ్ పైపు వైబ్రేటర్ తగిలితే నలిగిపోతుంది, వైరు లాగేటప్పుడే తెలుస్తుంది. రెండు బాక్సుల మధ్య రెండుకు మించి పెద్ద వంపులు ఉండకూడదు. పైపులో వైర్లు 40 శాతం నిండితే చాలు, మిగతాది ఖాళీగా ఉండాలి. కూరేస్తే వేడికి ఇన్సులేషన్ ముదురుతుంది, రేపు ఒక్క వైరు అదనంగా లాగాలన్నా దారి ఉండదు.

ఇప్పుడు వాడకపోయినా ఖాళీ పైపులు మూడు వేయించండి. మిద్దె నుంచి మీటరు బోర్డు దాకా 32 మిల్లీమీటర్లది ఒకటి, సోలార్ కోసం. మీటరు బోర్డు నుంచి కారు పెట్టే చోటికి అదే సైజుది ఒకటి, ఈవీ ఛార్జింగ్ కోసం. మిద్దె మీది ట్యాంకు నుంచి సంపు మోటారు స్టార్టరు దాకా 20 మిల్లీమీటర్లది ఒకటి, లెవెల్ సెన్సారు కోసం. మూడింట్లోనూ నైలాన్ తాడు వదిలేసి చివర్లు మూయించండి. కాంక్రీటు పోసే ముందు పైపులన్నింటికీ టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి. రేపు ఫాల్స్ సీలింగ్‌కో ఏసీ బ్రాకెట్‌కో డ్రిల్లు పెట్టేవాడికి ఆ ఫొటోలే దారి చూపిస్తాయి.

ప్రతి స్విచ్ బోర్డుకూ న్యూట్రల్ దించమని చెప్పండి. ఇప్పటికీ చాలామంది లైటు బోర్డుకు ఫేజు మాత్రమే దించుతారు. మెట్ల దగ్గర మోషన్ సెన్సారు, బయటి లైటుకు టైమర్, స్మార్ట్ స్విచ్ ఏది పెట్టాలన్నా అక్కడ న్యూట్రల్ కావాలి. ఇల్లంతటికీ కలిపినా ఖర్చు ఒకటి రెండు కాయిళ్ల వైరే.

వైరు సైజుల దగ్గర ఒక అపోహ ఉంది. లావు వైరు వేస్తే బిల్లు బాగా తగ్గుతుందంటారు. ఇంటి లోపల అంత తేడా రాదు. డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి 20 మీటర్ల దూరంలో 8 ఆంపియర్లు లాగే ఏసీకి 2.5 స్క్వేర్ ఎంఎం వేస్తే వైరులో పోయేది సుమారు 20 వాట్లు, 4 వేస్తే 13. తేడా 7 వాట్లు. ఏసీకి 4 వేయమనేది వైరు వేడెక్కకుండా, రేపు పెద్ద ఏసీ పెట్టినా ఇబ్బంది లేకుండా ఉండడానికి. లైట్లకు 1.5, సాధారణ 16 ఆంపియర్ల ప్లగ్గులకు, గీజర్లకు 2.5 లేదా 4, ఏసీలకు 4. వైరు ఐఎస్ 694 ముద్రది, మంట తొందరగా పాకని, పొగ తక్కువ వచ్చే ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ రకం తీసుకోండి. వీధి మీటరు నుంచి లోపలి డీబీ 30 మీటర్ల దూరంలో ఉంటే అక్కడ 10 స్క్వేర్ ఎంఎం వేయండి. 25 ఆంపియర్ల లోడు మీద 6 వేస్తే 5 వోల్టులు పడిపోతాయి, 10 వేస్తే 3.

లావు వైరు నిజంగా డబ్బులు మిగిల్చేది బోరు దగ్గర. మన జిల్లాలో దీని సంగతి ఎవరూ అడగరు, మోటారు అమ్మినవాడు ఏ కేబులిస్తే అదే దించేస్తారు. 500 అడుగుల లోతున 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ ఉందనుకుందాం. స్టార్టరు దాకా కలిపితే 162 మీటర్లు. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి 324 మీటర్ల రాగి. మోటారు 11 ఆంపియర్లు లాగితే 2.5 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లో దాదాపు 28 వోల్టులు పడిపోతాయి, 310 వాట్లు కేబుల్‌ను వేడి చేయడానికే పోతాయి. 4 వేస్తే 18 వోల్టులు, 195 వాట్లు. 6 వేస్తే 12 వోల్టులు, 130 వాట్లు. మీటరు తర్వాత వోల్టేజీ పడడం 5 శాతం, అంటే 230 మీద పదకొండున్నర వోల్టుల లోపు ఉండాలన్న హద్దుకు 6 మాత్రమే దగ్గరగా వస్తుంది. రోజుకు గంటన్నర మోటారు ఆడినా 2.5కీ 6కీ మధ్య ఏడాదికి సుమారు 100 యూనిట్ల తేడా. దానికంటే ముఖ్యం, వేసవి సాయంత్రాల్లో లైను వోల్టేజీ 200కి దిగినప్పుడు 2.5 కేబుల్ చివర మోటారుకు అందేది 170 చిల్లర. మోటారు తిరగలేక మరింత కరెంటు లాగి వైండింగ్ కాలిపోతుంది. రీవైండింగ్ ఖర్చు, మోటారు పైకి తీసి దించే కూలి కలిపి చూసుకుంటే లావు కేబుల్ ధర ఎక్కువనిపించదు.

నీళ్ల లెక్కలోనే ఇంకొకటి. 150 మీటర్ల లోతు నుంచి వెయ్యి లీటర్లు ఎత్తడానికి మోటారు, పంపు నష్టాలన్నీ కలుపుకుని ఒక యూనిట్‌కు పైనే అవుతుంది. అవే వెయ్యి లీటర్లు సంపు నుంచి మిద్దె మీదికి ఎత్తడానికి యూనిట్‌లో ఐదో వంతు కూడా కాదు. కాబట్టి మున్సిపల్ నీళ్లు వచ్చినంత వరకూ సంపులోకి పట్టండి, బోరు తక్కువకే వాడండి. ట్యాంకు నిండి గోడ వెంట కారిపోయే ప్రతి వెయ్యి లీటర్ల వెంటా ఆ యూనిట్ కూడా పోతోందని గుర్తుంటే లెవెల్ కంట్రోలర్ ధర పెద్దగా అనిపించదు. సంపు మోటారుకు డెలివరీ పైపు ఒకటింబావు అంగుళం వేయండి. ఇంచి పైపులో నీళ్లు రాపిడికే సగం కష్టపడతాయి.

డీబీ విషయానికొస్తే, ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ పెట్టడం మామూలుగా జరిగే తప్పు. గీజరు ఎలిమెంటు కాస్త లీకైతే ఫ్రిజ్‌తో సహా ఇల్లంతా చీకటి. విసుగొచ్చి ఎలక్ట్రీషియన్ దాన్ని బైపాస్ చేసేస్తాడు, ఇక రక్షణే ఉండదు. ఒక్కో పోర్షన్‌కు కనీసం రెండు పెట్టండి: లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ ఒకదాని మీద, మిగతా ప్లగ్గులు, ఏసీలు మరోదాని మీద. గీజరుకూ బోరు మోటారుకూ విడిగా ఆర్‌సీబీఓలు (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ కలిసినవి). నీళ్లలో మునిగి ఉండే మోటారు ఏళ్లు గడిచే కొద్దీ కొంచెం కొంచెంగా లీకవుతుంది, దాన్ని వేరే ఏ సర్క్యూట్‌తోనూ కలపకూడదు. 1.5 వైరుకు 10 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే పడిపోయే బ్రేకర్), 2.5కు 16, ఏసీ 4 వైరుకు మోటారు మొదలయ్యే క్షణం లాగే ఎక్కువ కరెంటుకు పడిపోని 20 ఆంపియర్ల సి-కర్వ్ రకం. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడడానికి. పడిపోతోందని 32ది మార్చేస్తే ఎంసీబీ నిలబడుతుంది, వైరు కాలుతుంది.

రెండు పోర్షన్లు ఉన్నాయి కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నా: కింద మీటరు న్యూట్రల్, పై మీటరు న్యూట్రల్ ఎక్కడా కలవకూడదు. మెట్ల లైటు దగ్గరే సాధారణంగా కలిపేస్తారు. కింది ఫేజు, పైనుంచి న్యూట్రల్. అలా కలిస్తే రెండు పోర్షన్ల ఆర్‌సీసీబీలూ కారణం దొరక్కుండా పడుతూనే ఉంటాయి. ఇన్వర్టర్ లైనుదీ అదే కథ. ఇన్వర్టర్ సర్క్యూట్ న్యూట్రల్ ఏ ఆర్‌సీసీబీ కింది నుంచి వెళ్లిందో, తిరిగి అక్కడికే రావాలి. మెట్ల లైట్లు, సంపు మోటారు, బోరు మూడూ మీ మీటరు మీదే పెట్టుకుని, అద్దె మాట్లాడుకునేటప్పుడే ఆ సంగతి తేల్చుకోండి.

మీటర్లు వేర్వేరుగా తీసుకోవడం బిల్లుకూ మంచిది. ఏపీ ఇళ్ల టారిఫ్ టెలిస్కోపిక్, అంటే వాడకం పెరిగే కొద్దీ ఆ పై యూనిట్లకు మాత్రమే ఎక్కువ రేటు పడుతుంది. 2022-23 టారిఫ్ ఆర్డరు ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలైతే, 226 నుంచి 400 దాకా 8.75, 400 దాటితే 9.75. అంటే మీరు మిగిల్చే యూనిట్ ఎప్పుడూ మీరు చేరిన పై రేటుదే. 200 యూనిట్ల దగ్గరున్న ఇంటికి మిగిలే యూనిట్ 6 రూపాయలదైతే, 420 దగ్గరున్న ఇంటికి అదే యూనిట్ 9.75ది. పొదుపు లెక్క వేసేటప్పుడు సగటు రేటు కాకుండా ఈ పై రేటు పట్టుకోండి.

ఫ్యాన్లు తీసుకుందాం. పాత రకం 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ మోటారు రకం 28 నుంచి 35. ఆరు ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగితే రోజుకు 2.5 యూనిట్లకు అటూ ఇటూ మిగులుతుంది. బోర్డులో ఫ్యాన్ రెగ్యులేటర్లు పెట్టించకండి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌ను రెగ్యులేటర్ ద్వారా ఇస్తే కూత పెడుతుంది, కొన్నాళ్లకు లోపలి సర్క్యూట్ పోతుంది. ఇన్వర్టర్ కూడా ప్యూర్ సైన్ వేవ్‌దే తీసుకోండి. లైట్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మీ ఎలక్ట్రీషియన్‌కు అది తెలుసు.

వేడి నీళ్లకు సోలార్ హీటరు పెట్టుకుంటే మంచిది. వంద లీటర్లను 28 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 3.7 యూనిట్ల వేడి కావాలి. మన ఎండ ఏడాదిలో చాలా రోజులు దాన్ని ఉచితంగా ఇస్తుంది. చెడేది రెండు చోట్ల. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే గొట్టాల్లో పేరుకుపోయి రెండు మూడేళ్లకే వేడి తగ్గుతుంది. అలాంటి నీళ్లకు హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న రకం తీసుకోవాలి. రెండోది పైపు దూరం. ముప్పావు ఇంచి పైపులో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలుస్తాయి. 15 మీటర్ల పైపైతే దాదాపు 4 లీటర్ల చల్లనీళ్లు వదిలేశాకే వేడివి వస్తాయి. బాత్రూములు ఒకదానిపై ఒకటి వచ్చేలా, హీటరు వాటికి నేరుగా పైన ఉండేలా ప్లాను చేయండి. వేడి పైపుకు నురుగు తొడుగు వేయించండి, అదీ గోడ పూసే ముందే.

సోలార్ కరెంటు ఇప్పుడే పెట్టకపోయినా ప్యానెళ్లకు చోటు ఇప్పుడే ఉంచాలి. ఒక కిలోవాట్‌కు 10 చదరపు మీటర్లు అనుకోండి, 3 కిలోవాట్లకు 30. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. చిక్కల్లా వాస్తు దగ్గర వస్తుంది. ట్యాంకు నైరుతిలో పెట్టమంటారు, మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ దక్షిణం నుంచే వస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికి ట్యాంకు నీడ ఈశాన్యం వైపు దాని ఎత్తుకు దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది. నైరుతి మార్చమని నేను అనను. ప్యానెళ్లను ఆగ్నేయం వైపు జరిపి, దక్షిణ పిట్టగోడ నీడ పడనంత ఎత్తులో పెట్టండి. వాటి కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు ఇన్సులేషన్ వేయకముందే పోయించండి. తర్వాత డ్రిల్లు పెడితే వాటర్‌ప్రూఫింగ్ పోతుంది, వాన నీళ్లు నేరుగా పై పోర్షన్ బెడ్‌రూములో తేలతాయి.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ను పడమటి ఎండలో, పక్కింటి గోడకు అడుగు దూరంలో ఇరికించకండి. అది విసిరిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది, ఫైవ్ స్టార్ ఏసీ త్రీ స్టార్‌లా లాగుతుంది. రాగి పైపు 3 మీటర్లలో ముగిసేలా చోటు చూసుకుని, నీళ్లు పోయే ఇంచి పైపును వాలుతో గోడలో ముందే వేయించండి.

ఎర్తింగు రెండు గుంతలు. శేషాచలం కింది నేలల్లో రెండడుగులకే రాయి తగిలే చోట్లున్నాయి. అక్కడ బొగ్గు, ఉప్పు పోస్తే ఒకటి రెండు వేసవుల్లో ఎండిపోతుంది. బెంటొనైట్ వాడి, 5 ఓమ్‌ల లోపు చూపించమనండి.

డబ్బులు పూర్తిగా ఇచ్చే ముందు మూడు పరీక్షలు మీ ఎదురుగా చేయించుకోండి. 500 వోల్టుల మెగ్గరుతో ప్రతి సర్క్యూట్ ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగా ఓమ్ దాటితే చాలంటారు గానీ కొత్త వైరింగ్‌లో అంతకంటే చాలా ఎక్కువ రావాలి. ప్రతి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. కింది మెయిన్ ఆపి, పైన ఏ ప్లగ్గులోనూ టెస్టరు వెలగడం మానలేదని, కింద ఎక్కడా వెలగడం లేదని చూడాలి. ఫేజులు కలగాపులగమై ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

చివరగా, ‘పవర్ సేవర్’ అని ప్లగ్గులో పెట్టుకునే డబ్బాలు అమ్ముతున్నారు. లోపల ఉండేది చిన్న కెపాసిటర్. మన ఇళ్ల మీటరు లెక్కించేది నిజంగా ఖర్చయిన యూనిట్లనే కాబట్టి దానివల్ల ఒక్క రూపాయి తగ్గదు.

మీ బోరు మోటారు నేమ్‌ప్లేట్ మీద ఆంపియర్లు, ఎన్ని అడుగుల్లో దించారో రాయండి. కేబుల్ సైజు లెక్క వేసి చెబుతాను.